ఊసరవెల్లి పంజరంల ఏ మొక్క బతుకుతది? ముందుగాల నీళ్లు జూడాలె

అక్క: అందరికీ నమస్తే. ఇయ్యాల మొక్కల ముచ్చటే గానీ పెరట్ల మొక్కలు కాదు, ఊసరవెల్లి పంజరంల పెట్టేటియి. మొదలువెట్టే ముందు చట్టం సంగతి జెప్పు తమ్మీ.

తమ్ముడు: మన చెల్కల్ల కనిపించే ఊసరవెల్లిని పట్టుకొచ్చి పెంచొద్దక్కా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మనం మాట్లాడేది విదేశీ జాతుల గురించి. యెమెన్, సౌదీ దిక్కు ఉండే వెయిల్డ్, మడగాస్కర్‌ల ఉండే పాంథర్. అవి ఇంట్ల ఉన్నోళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌ల నమోదు చేసుకోవాలె.

అక్క: ఇగ మొక్కలకొద్దాం. తేమ కావాలంటే ఫెర్న్ తెచ్చి పెట్టుడే అంటరు చానామంది.

తమ్ముడు: ఫెర్న్ కంటె ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలె. నల్గొండ బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటదని మనకు చిన్నప్పటి సంది ఎరుకే. మనుషులకు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా హద్దు పెట్టిన్రు. కొన్ని మొక్కలకు అంతకంటె తక్కువ ఉన్నా చాలు, దెబ్బతింటయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, కలాతియా అసొంటివి. వేరు తాగిన నీళ్లు ఆకు కొస దాకా పోయి ఆవిరైతయి, ఫ్లోరైడ్ మాత్రం ఆ కొసలనే నిలిచిపోతది. దగ్గరికి పోయి జూస్తే కొసన గోధుమరంగు, దాని ఎన్క సన్నటి పసుపు గీత, ఆ ఎన్క పచ్చదనం కనిపిస్తది. తేమ సాలక ఎండిందనుకుని ఇంకిన్ని నీళ్లు కొడ్తరు. అవే బోరు నీళ్లాయె, మచ్చ ఇంకింత పెద్దగైతది.

అక్క: కాగబెట్టి చల్లార్చి పోస్తే పోదా?

తమ్ముడు: పోదక్కా, ఇంకా చిక్కబడ్తది. కాగబెడ్తే నీళ్లు తగ్గుతయి గానీ ఫ్లోరైడ్ ఆడనే ఉంటది గద. వాటర్ ప్లాంట్ల ఆర్వో క్యాన్ తెచ్చుకోవాలె. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు పంజరానికి రోజుకు లీటరు, లీటరున్నర పడ్తది. ఇరవై లీటర్ల క్యాన్ పది రోజులకు పైనే వస్తది. వాన నీళ్లు పట్టుకునేటోళ్లకైతే ఇంకా మంచిది. ఇంటికి భగీరథ కృష్ణా నీళ్లొస్తే అవి కూడా నడుస్తయి. క్లోరిన్ పోనీకి రాత్రంత మూత తీసి పెట్టుండ్రి.

అక్క: ఉప్పు నీళ్లతోని ఆకుల మీద తెల్ల మచ్చలు గూడ పడ్తయి.

తమ్ముడు: మచ్చలతోటే ఆగదు, పంజరంల నీళ్లు చిమ్మే పంపు నాజిల్ కూడా మూసుకపోతది. నాజిల్‌ను ఒక గంట వెనిగర్‌ల నానబెడ్తే తెరుచుకుంటది. ఇంకో మాటక్కా, సూపర్ ఫాస్ఫేట్ పొలానికి మంచిదే గానీ ఈ కుండీలల్ల వెయ్యొద్దు. దాంట్ల కూడా ఫ్లోరైడ్ ఉంటది.

అక్క: ఇప్పుడు పేర్లు జెప్పు. ఏవి తేవాలె?

తమ్ముడు: నేనైతే మొదటి స్థానం షెఫ్లెరాకిస్త. నర్సరీల అంబ్రెల్లా మొక్క అంటరు. పది అంగుళాల కుండీల రెండున్నర అడుగుల మొక్క తెచ్చుకుంటే చాలు. కొమ్మ గట్టిగుంటది, ఊసరవెల్లి బరువుకు ఒంగదు. పై మన్ను ఎండినా రెండు రోజులు ఓర్చుకుంటది. దానెన్క మనీప్లాంట్. ఇవి రెండూ ఫ్లోరైడ్‌ను పెద్దగ పట్టించుకోవు. బోస్టన్ ఫెర్న్ ఒకటి మాత్రం కింద, ఆరంగుళాల కుండీల. పైన పెడ్తే ఊసరవెల్లి వెచ్చదనానికి పెట్టే దీపం వేడికి రెండు రోజులల్లనే రాలిపోతది.

అక్క: ఊసరవెల్లి నీళ్లు తాగుడు గూడ ఆకుల మీది నుంచే కదా.

తమ్ముడు: అవును. గిన్నెల నిలిచిన నీళ్లను చానావరకు అది గుర్తుపట్టదు. మనీప్లాంట్ ఆకు నున్నగ, మైనం రాసినట్టు ఉంటది. నీళ్లు దాని మీద పరుచుకపోకుంట గుండ్రంగ బొట్టయి, నడిమి ఈనె ఎంబడి కొసకు జారి ఆడ ఏలాడ్తది. దీపం వెలుగుకు ఆ బొట్టు మెరుస్తది. ఊసరవెల్లి దాన్ని జూసి మెల్లగ ముందుకొచ్చి నాలుకతో నాకుతది. ఫెర్న్ ఆకుల మీద గిట్ల బొట్టు నిలవదు. అందుకే ఉత్త ఫెర్న్‌లే పెడ్తే పంజరం అందంగుంటది, జీవి దూపతోని ఉంటది.

అక్క: వెయిల్డ్ ఆకులు తింటదంటరు.

తమ్ముడు: తింటది. అందుకే దానికి ముంగట మందారం పెట్టాలె. పువ్వు, ఆకు రెండూ ఇష్టంగ తింటది. మందారానికి ఎండ కావాలె, ఇంట్ల ఎక్కువ దినాలు ఉండలేదు. రెండు కుండీలు పెట్టుకుని పదిహేను రోజులకొకటి మార్చుండ్రి. మనీప్లాంట్ ఆకుల సన్నటి సూదుల్లాంటి ఆక్జలేట్ ఉంటది, ఎక్కువ తింటే నోరు మండుతది. మందారం అందుబాటుల ఉంటే దాని మీదికి అంతగ పోదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, డైఫెన్‌బాకియా, క్రోటన్, పాలుగారే యూఫోర్బియాలు మాత్రం వద్దే వద్దు.

అక్క: కొనుక్కొచ్చిన మొక్కను గట్లనే లోపల పెట్టొచ్చా?

తమ్ముడు: అస్సలు పెట్టొద్దు. పెంచినకాడ పురుగుమందు కొట్టే ఉంటరని లెక్క గట్టుకోవాలె. ఆకును మిడత కొరుకుతది, మిడతను ఊసరవెల్లి తింటది. మందు గట్ల లోపలికి పోతది. కవర్ల ఉన్న జిగట మట్టిని బకెట్ నీళ్లల్ల వేర్లు తెగకుంట కడిగెయ్యాలె. ఆ మట్టి వారం దాకా ఎండదు, వేరు కుళ్లేది దాంతోనే. కొత్త మట్టికి కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, జల్లించిన ఎర్రమన్ను ఒక పాలు, బొగ్గు లేదంటే ఇటుక పెంకులు చిన్నగ కొట్టి ఒక పాలు. కొబ్బరి పొట్టుల ఉప్పుంటది, మూడుసార్లు నానబెట్టి పిండాలె. ఆకులను రెండు దిక్కుల సబ్బు నీళ్లతోని తుడిచి, మంచి నీళ్లతోని కడిగి, నాలుగు వారాలు బయటనే ఉంచాలె. ఆలోపు పిండినల్లి ఉంటే బయటపడ్తది. మన్ను మీద నున్నటి రాళ్లు పరవాలె, ఊసరవెల్లి నోట్ల పట్టనంత పెద్దయి. లేకుంటే పురుగు కోసం నాలుక ఇసిరినప్పుడు కొబ్బరి పొట్టు కూడా లోపలికి పోయి పేగుల అడ్డం పడ్తది. ఆడదైతే గుడ్లు పెట్టనీకి అడుగు లోతు తడి ఇసుక డబ్బా ఏరుగ ఉండాలె.

అక్క: మన ఎండకాలం ఎట్ల? మే నెలల మధ్యాహ్నం గాలిల తేమే ఉండదు.

తమ్ముడు: చుట్టూ జాలే ఉంటే కొట్టిన నీళ్లు నిమిషాలల్ల ఆరిపోతయి. మూడు దిక్కుల ప్లాస్టిక్ షీట్ కట్టి, ముంగట, పైన జాలి వదలాలె. తెల్లారి దీపం ఎలిగించే ముందు రెండు నిమిషాలు, రాత్రి ఆర్పినంక రెండు నిమిషాలు కొడ్తే చాలు. పొద్దున తొమ్మిదింటికల్లా ఆకులు ఆరాలె. వెయిల్డ్‌కు పగటిపూట 30 నుంచి 50 శాతం తేమ సరిపోతది.

అక్క: మరి రాత్రి ఫాగర్, అదే మంచు లెక్క తేమ ఇడిసే మిషన్, పెట్టుకుంటే?

తమ్ముడు: అది చలికాలం సంగతి. రాత్రి గది చల్లగుంటే మంచు లెక్క తేమ పట్టొచ్చు. మేల రాత్రి పదకొండింటికి గూడ గది 30 డిగ్రీలుంటది. ఆ వేడిల తడిగాలి కదలకుంట నిలిస్తే ఊపిరితిత్తులకు రోగం పట్టుకుంటది. నోరు తెరిచి ఊపిరి తీసుడు, ముక్కు కాడ బుడగలు రావుడు కనిపిస్తే వెంటనే డాక్టర్ కాడికి తీస్కపోవాలె. ఫాగర్ బందు జేసి, గదిని ఏసీతోని చల్లబరిచి, పొద్దటి తడి ఒక్కటే ఉంచుండ్రి. కూలర్ పెడ్తే గాలి సూటిగ పంజరం మీదికి కొట్టొద్దు.

అక్క: కుండీకి ఎప్పుడు పొయ్యాలె?

తమ్ముడు: తేదీ పెట్టుకోవద్దు. రెండంగుళాల లోతుకు పుల్ల గుచ్చి తియ్యాలె. మన్ను అంటితే ఆగాలె, పొడిగొస్తే పొయ్యాలె. కుండీ చుట్టూ సన్న ఈగలు లేస్తున్నయంటే తడి ఎక్కువైందన్నట్టు. కింద ట్రేల నీళ్లు నిలిచి ఉంటయి, ముందుగాల అవి పారబోయుండ్రి.