గొర్రెకు నటన తెలియదు

శ్రోతలకు నమస్కారం.

మన శ్రీకాకుళం పల్లెల్లో సినిమా తీయడానికి వచ్చినవారు పెంకుటిల్లు వెతుకుతారు, పచ్చని పొలం వెతుకుతారు, గొర్రెల మంద వెతుకుతారు. ఇంటి యజమాని గోడకు మేకులు కొడతారా, రంగు మారుస్తారా అని సవాలక్ష ప్రశ్నలు వేస్తాడు. మంద కాపరి మాత్రం బాడుగ ఎంతో తేల్చుకుని ఊరుకుంటాడు. జీవాలతో ఏం చేయిస్తారో అడగడు. నా పేచీ అంతా అక్కడే.

మంద మధ్యలోంచి కథానాయకుడి జీపు దూసుకుపోవాలనుకోండి. జీపు నడిపే ఆయనకు అది నటన. గొర్రెకు మాత్రం నిజమైన ప్రాణభయం. దర్శకుడు ‘ఇంకొక్కసారి’ అన్న ప్రతిసారీ ఆ భయం మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. బెదిరిన గొర్రెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి తొక్కుకుంటాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి. చూలు గొర్రెలు ఈసుకుపోయే, అంటే కడుపు పోయే ప్రమాదం ఉంది. ఆ నష్టం చాలాసార్లు చిత్రబృందం ఊరు విడిచి వెళ్ళాకే బయటపడుతుంది.

ఇది ఇప్పటి సమస్య కాదు. 1939లో విడుదలైన ఒక హాలీవుడ్ చిత్రం కోసం గుర్రాన్ని కొండ కొమ్మునుంచి నీళ్ళలోకి దూకించారు, అది చనిపోయింది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాది నుంచే అక్కడి చిత్రీకరణల్లో జంతువులను కనిపెట్టి ఉండే ఏర్పాటు మొదలైంది.

మనకూ చట్టం లేకపోలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, ప్రదర్శన జంతువుల నమోదుకు 2001లో చేసిన నియమాలు ఉన్నాయి. సినిమాలో జంతువును వాడాలంటే ముందుగా జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి. గుర్రం కాళ్ళకు తీగ అడ్డం కట్టి పడగొట్టకూడదు. మత్తుమందు ఇచ్చి లొంగదీయకూడదు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం అసలే పనికిరావు. 2011లో ఎద్దునూ ఆ జాబితాలో చేర్చారు. పందెపు బండ్ల సన్నివేశాలు రాసుకునే రచయితలు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

జరిమానా మాటకొస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియదు. జంతువును హింసించిన మొదటి నేరానికి ఆ చట్టంలో రాసినది పది నుంచి యాభై రూపాయలు. చిత్రీకరణలో ఒక పూట టీ ఖర్చుకు కూడా చాలదు!

బాడుగకు రాని జీవాల సంగతి ఎవరికీ పట్టదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు వస్తాయి, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చెట్లమీద కొంగలు గూళ్ళు కడతాయి. అటువంటి చోట బాణసంచా కాల్చి, డ్రోన్ ఎగరేసి పక్షులన్నీ ఒక్కసారి లేచే దృశ్యం తీస్తే తెరమీద అందంగానే ఉంటుంది. తల్లి లేచిపోయిన గూట్లో గుడ్లు ఎండకు మాడిపోతాయి, పిల్లలు కాకుల పాలవుతాయి. ఆ ఊళ్ళవాళ్ళు పక్షులను ఇంటి అతిథుల్లా చూసుకుంటారు. పక్షుల జోలికి వెళ్ళేముందు వాళ్ళ మాట విన్నా చాలు.

గ్రాఫిక్స్‌తో చేయవచ్చు కదా అంటారు. పెద్ద సినిమాలకు సరే, చిన్న నిర్మాతకు అంత స్తోమతు ఉండదు. అయినా జీపు చక్రం ఒక ముక్క, నెమ్మదిగా నడిచే మంద ఒక ముక్క విడివిడిగా తీసి కలిపితే ప్రేక్షకుడి గుండె అంతే గట్టిగా కొట్టుకుంటుంది. కూర్పు తెలిసినవాడికి ఇది కొత్త విద్య కాదు.

కాబట్టి కాపరి అన్నలూ, బాడుగ మాట్లాడేముందు సన్నివేశం ఏమిటో చెప్పించుకోండి. ఎన్నిసార్లు తీస్తారో, నీడా నీళ్ళూ ఎక్కడ పెడతారో, పశువైద్యుడు ఉంటాడో లేడో అడగండి. చూలు గొర్రెలను, పిల్లలను ముందే వేరుచేసి ఇంటి దగ్గర ఉంచండి. జీవానికి దెబ్బ తగిలితే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయండి, అది ఉచితం. హింస కళ్ళబడితే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు. దానికి మంద మీదే కానక్కరలేదు.