‘డు’ దగ్గర తెగిన గొలుసు: ఆన్‌లైన్ తెలుగు క్లాసులో ఆటలు

(హనుమకొండలో తెలుగు టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తోటి టీచర్లకు నమస్కారం.

పొద్దున్నుంచి యాప్‌ల గురించి చాలా విన్నాం. నా దగ్గర ఉన్నవి పలక, బలపం. ఎక్కువసేపు తీసుకోను.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ టీవీ చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. పాఠాలు బాగానే ఉండేవి. కానీ టీవీ ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగదు కదా. భాష రావాలంటే పిల్లలు నోరు తెరవాలి. అందుకని మా ఎనిమిదో తరగతికి సాయంత్రం పూట ఫోన్లో క్లాసు పెట్టాను. “సార్, వినిపిస్తలేదు” అన్న మాట తప్ప ఇంకోటి వచ్చేది కాదు. అన్నీ నల్ల డబ్బాలే.

ఒకరోజు విసుగొచ్చి గొలుసు మాటల ఆట పెట్టాను. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో ఇంకొకరు మాట చెప్పాలి. ఇంగ్లీషు సారు క్లాసులో గంటసేపు నడిచే ఆట మా దగ్గర రెండో మాటకే ఆగింది. మొదటివాడు ‘స్నేహితుడు’ అన్నాడు. ‘డు’తో ఏముంది చెప్పండి? ఇంకోసారి ‘ప్రయాణం’ వచ్చింది, ‘ణ’తో మొదలయ్యే మాట లేదు. ‘కాళ్లు’ అన్నారు, అక్కడా అంతే. తప్పు పిల్లలది కాదు. తెలుగు మాటలు ఎక్కువగా డు, లు, సున్నలతో ముగుస్తాయి. వాటితో మొదలయ్యేవి తక్కువ. వేరే భాష కొలతతో కుట్టిన అంగీని మన పిల్లలకు తొడిగితే చేతులు పట్టలేదన్నమాట.

నియమం మార్చాం. గుణింతం, ఒత్తు, సున్న వదిలేసి హల్లు ఒక్కటే తీసుకోవాలి. ‘ణ’ వస్తే ‘న’, ‘ళ’ వస్తే ‘ల’. ఇక చూడండి: ఇల్లు, లడ్డు, డప్పు, పలక, కంచం, చాట, టెంకాయ. ‘య’ దగ్గర అందరూ ఆగిపోయారు. అప్పటిదాకా ఒక్కనాడూ మైక్ తీయని పిల్లాడు “యాపచెట్టు సార్” అన్నాడు. ఒకమ్మాయి వెంటనే “వేప కదా సార్, తప్పు” అంది. జనం యాసకు పట్టం కట్టిన కవి కాళోజీ తిరిగిన ఊళ్లో కూర్చుని ‘యాప’ తప్పని నేనెట్లా అంటాను? ఒప్పుకున్నాను. పుస్తకంలో వేప, ఇంట్లో యాప అని రెండూ రాయించాను. ఆ రోజు ఏ పాఠం చెప్పాల్సి ఉండెనో నాకు గుర్తులేదు గానీ, ఆ పిల్లాడి గొంతు గుర్తుంది.

దాచిన మాటను అక్షరం అక్షరంగా కనుక్కునే ఆట మీకు తెలుసు. తప్పు చెప్పినప్పుడల్లా ఉరికొయ్య గీస్తారు. పిల్లల ముందు ఉరి ఎందుకని నేను కాకతీయ తోరణం గీస్తాను. రెండు స్తంభాలు, పైన దూలం, చివర హంసలు. రెండో హంస వాలితే ఆట అయిపోయినట్టే. ఇక్కడా తెలుగు తిరకాసు ఉంది. ‘ఓరుగల్లు’ దాచాననుకోండి. పిల్లవాడు ‘ల’ అంటే ఉన్నట్టా, లేనట్టా? రెండు మెట్లు పెట్టాను. ముందు హల్లు అడగాలి, తర్వాత దాని గుణింతమో ఒత్తో చెప్పాలి. గుణింతాలు బట్టీ పట్టించడానికి నేను పడ్డ తిప్పలు ఈ బొమ్మతో సగం తగ్గాయి.

నెట్ సంగతి కూడా చెప్పాలి. ‘ముందు చెప్పినవాళ్లే గెలుపు’ అనే ఆట దయచేసి పెట్టకండి. ములుగు అవతల సిగ్నల్ కోసం డాబా ఎక్కే పిల్ల జవాబు నాలుగు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అక్కడ గెలిచేది తెలివి కాదు, టవర్. నేను అందరినీ పలక మీద రాసి బోర్లా పెట్టమంటాను. “ఒకటి, రెండు, మూడు” అనగానే ఎత్తి చూపాలి. మొదటి రోజు ఒకడు అక్షరాలన్నీ తిరగేసి రాశాడు. వాడి బొమ్మ వాడికి అద్దంలోలాగా కనిపిస్తుంటే, సరిచేద్దామని అట్లా రాశాడట! మాకు నేరుగానే కనిపిస్తుందని నమ్మించడానికి ఆ క్లాసంతా సరిపోయింది.

పిల్లలు ఇంట్లో ఉండటం ఆన్‌లైన్‌లో లోటు అనుకుంటాం. వంటింటి ఆటకు అదే బలం. “ఒక్క నిమిషంలో ‘గ’ గుణింతంతో వస్తువు తెండి” అంటే గంటె, గిన్నె, గురిగి వచ్చాయి. ఇంకోసారి ‘స’ అంటే ఒకమ్మాయి సిబ్బి తెచ్చింది. అదేంటని టౌన్ పిల్లలు అడిగారు. వాళ్ల నాయనమ్మ ఫోన్ తీసుకుని అన్నం గంజి ఎట్లా వార్చాలో చెప్పింది. నేను మైక్ ఆపేసుకుని విన్నాను. చెంచా కూడా తేలేని ఇల్లు ఉంటుంది, ఫోన్ నాన్నతో పనికి పోయిన ఇల్లూ ఉంటుంది. వాళ్ల కోసం అదే ఆటను రాత్రి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో మళ్లీ పెడతాను. దానికి డేటా కూడా తక్కువే అవుతుంది.

పాయింట్లు, బహుమతులు మానేశాను. ఎప్పుడూ అదే నలుగురు గెలిచేవాళ్లు.

సరే, విన్నది చాలు, మనమే ఆడదాం. మొదటి మాట నాది: మేడారం. సున్న వదిలేయండి, ‘ర’ గుణింతంలో ఏదైనా సరే. వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్న మేడమ్, మీరే చెప్పండి. పుస్తకం మాటే కావాలని లేదు.