బార్న్ ఔల్ గూడు పెట్టె: లోతు లేకపోతే పిల్లలు దక్కవు

[తెరపై: రెండు చెక్క పెట్టెలు. ఒకదానికి రంధ్రం అడుగున ఉంది, రెండోదానికి పైకప్పు దగ్గర.]

ఈ రెండింటిలో బార్న్ ఔల్ అనే గుడ్లగూబకి ఏది సరిపోతుంది?

చాలామంది మొదటిదే చూపిస్తారు. లోపలికి నేరుగా నడిచి వెళ్లొచ్చు, గుడ్లగూబకి సుఖంగా ఉంటుంది అనుకుంటారు. నిజమే, ఆ పెట్టెలోకీ గుడ్లగూబ వస్తుంది, గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది. ఆ తర్వాతే కష్టం మొదలవుతుంది. ఇంకా ఎగరలేని పిల్లలు ఒక్కొక్కటే కింద పడిపోతాయి. పెట్టె కట్టినవాళ్లకి చాలాసార్లు ఆ సంగతే తెలియదు. ఇలాంటి ప్లాన్ కనిపించిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఉయ్యాల తొట్టిని గుర్తు తెచ్చుకోండి. దానికి అంచులు ఎందుకు? పిల్ల లోపలికి ఎక్కడానికా? కాదు కదా, బోర్లాపడి, పాకి, నిలబడే వయసులో బయటికి పడకుండా. ఈ పెట్టె కూడా తొట్టే. పెద్ద పక్షికి రెక్కలున్నాయి, రంధ్రం ఎంత ఎత్తున ఉన్నా ఎక్కి దిగగలదు. పిల్లకే అంచు కావాలి.

[తెరపై: పెట్టె నిలువు కోత.]

ఇక్కడ చూడండి. రంధ్రం కింది అంచు నుంచి పెట్టె నేల దాకా కనీసం 45 సెంటీమీటర్లు. పెట్టె మొత్తం ఎత్తు 45 ఉంటే చాలనుకుంటారు, తప్పు జరిగేది అక్కడే. కొలవాల్సింది రంధ్రం కింద నుంచి. నేల కనీసం 40 బై 40, ఇంకా విశాలంగా ఉంటే మరీ మంచిది. రంధ్రం 13 సెంటీమీటర్ల చదరం చాలు.

అంత లోతు ఎందుకో గుడ్లు పెట్టే తీరు చూస్తే అర్థమవుతుంది. బార్న్ ఔల్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది, రెండు మూడు రోజులకొకటి చొప్పున. మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలు కూడా అదే వరసలో బయటికొస్తాయి. పెద్దదానికీ చిన్నదానికీ పది రోజులో, రెండు వారాలో తేడా ఉంటుంది. తండ్రో తల్లో ఎలుకతో వచ్చి వాలగానే అన్నీ రంధ్రం వైపు ఎగబడతాయి. అంచు తక్కువున్న తొట్టిలో ఆ తోపులాట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పడిన పిల్లను తల్లీ తండ్రీ కింద కూడా మేపుతాయిలే అనుకోకండి. బార్న్ ఔల్‌ల విషయంలో సాధారణంగా అలా జరగదు. నేల మీది పిల్లను అవి పట్టించుకోవు, అది ఆకలితో చనిపోతుంది.

ఇదే తొట్టికి ఒక అరుగు కూడా కట్టాలి. సుమారు 8 వారాలు వచ్చేసరికి పిల్లలు బయటికొచ్చి రెక్కలు కొట్టుకుంటూ సాధన చేస్తాయి, మళ్లీ లోపలికి దూరతాయి. రంధ్రం బయట వెడల్పుగా పలక బిగించి, దాని చుట్టూ గోళ్లతో పట్టుకోవడానికి చిన్న పట్టీ కొట్టండి. సన్నటి కర్ర ఒక్కటి బిగిస్తే చాలదు.

లోపల గడ్డి పరవకండి. ఈ పక్షి గూడు అల్లదు. మింగిన ఎలుకల బొచ్చు, ఎముకలు ఉండలుగా కక్కుతుంది, అవే నలిగి పరుపవుతాయి. కానీ తొట్టిలో పరుపు మీద పరుపు వేస్తూ పోతే అంచు పొట్టిదైపోతుంది కదా! ఇక్కడా అంతే. రెండు మూడేళ్లకోసారి, గూడు ఖాళీగా ఉన్నప్పుడు, మాస్కు, గ్లౌజులు వేసుకుని తీసేయండి. గుడ్లూ పిల్లలూ ఉన్నప్పుడు తెరవొద్దు. బ్రిటన్‌లో అయితే లైసెన్సు లేకుండా గూట్లో ఉన్న ఈ పక్షుల్ని కావాలని కలవరపెట్టడం నేరం.

టైమ్ అయిపోతోంది, ఎక్కడ పెట్టాలో త్వరగా చెప్తాను. కనీసం మూడు మీటర్ల ఎత్తు. పశువుల కొట్టమో, గోదామో ఉంటే దాని లోపలే పెట్టండి, లేకపోతే చెట్టు, అదీ కుదరకపోతే స్తంభం. లోపలే ఎందుకంటే, చప్పుడు లేకుండా ఎగరడానికి తగ్గ మెత్తటి ఈకలు ఈ పక్షివి, వానకి ఇట్టే తడిసిపోతాయి. రంధ్రం గడ్డి నేలలు, పొలాల వైపు తెరుచుకోవాలి, వానజల్లు కొట్టే వైపు వద్దు. ఎండ ఎక్కువ ఉండే చోట పడమర ముఖం కూడా వద్దు. హైవే పక్కన అసలే వద్దు, ఇవి నేలకి దగ్గరగా ఎగురుతూ వేటాడతాయి, వాహనాలకి తగులుతాయి.

ఎలుకల మందు గురించి మాత్రం గట్టిగా చెప్తాను. బ్రోడిఫాకమ్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. దాన్ని పట్టేది మన గుడ్లగూబే. పెట్టె పెట్టాక ఆ మందు మానేయండి. ఇజ్రాయెల్‌లోని స్దే ఎలియాహులో 1983లో రైతులు ఈ పెట్టెలు మొదలుపెట్టింది ఎలుకల మందుల అవసరం తగ్గించుకోవడానికే. తర్వాత జోర్డాన్ రైతులు కూడా వాళ్లతో కలిశారు.

వీలైతే దగ్గర్లోనే రెండో పెట్టె కూడా పెట్టండి. పిల్లలు పెరిగి మొదటి పెట్టె నిండిపోయాక తల్లి పగలు పడుకోవడానికి వేరే చోటు వెతుక్కుంటుంది.