అప్‌డేట్ తర్వాత వైఫై పోయిందా? ముందు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి

నమస్కారం. పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, లాప్‌టాప్‌లో వైఫై లేదు" అన్నాడు. కనెక్ట్ కావడం లేదా అని అడిగాను. "కనెక్ట్ సంగతి తర్వాత. అసలు ఆ గుర్తే లేదు. మాయమైపోయింది" అన్నాడు. సాయంత్రం విండోస్ అప్‌డేట్ పెట్టి భోజనానికి లేచాడట. తిరిగి వచ్చి చూస్తే ఇదీ పరిస్థితి. మర్నాడు మధ్యాహ్నానికి కాలేజీలో ప్రాజెక్టు అప్‌లోడ్ చేయాలి.

నాకు ఫోన్ చేసేలోపు వాడు ఊరికే కూర్చోలేదు. మూడు వీడియోలు చూసి, వాటిలో చెప్పిన చిట్కాలన్నీ వరుసగా చేసేశాడు. అందులో ఒకటి రౌటర్ వెనుక ఉండే సన్నని రంధ్రంలో గుండుసూది గుచ్చి పట్టుకోవడం. అలా గుచ్చితే రౌటర్ రీస్టార్ట్ అయి ఊరుకోదు. కేబుల్ ఆయన వచ్చి పెట్టి వెళ్ళిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సహా అన్నీ చెరిపేసుకుని కొత్త పెట్టెలా కూర్చుంటుంది. ఆ దెబ్బతో ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ పోయింది. మా పిన్ని సీరియల్ సగంలో ఆగింది. ఒక లాప్‌టాప్‌కు వచ్చిన జబ్బు కాస్తా ఇంటి గొడవగా మారింది.

అందుకే ఈరోజు చిట్కాల పట్టిక ఇవ్వను. కడుపు నొప్పి అని వెళ్తే డాక్టర్ ముందు ఎక్కడ అని చేయి పెట్టి చూస్తాడు కదా, మనమూ అదే చేద్దాం. వైఫై పనిచేయాలంటే లాప్‌టాప్ ఐదు మెట్లు ఎక్కాలి. మొదట తనలో ఉన్న వైఫై కార్డు తనకు కనబడాలి. తర్వాత ఆ కార్డుకు చుట్టూ ఉన్న నెట్‌వర్కులు కనబడాలి. మూడోది, పాస్‌వర్డ్ చెల్లి రౌటర్ లోపలికి రానివ్వాలి. నాలుగోది, రౌటర్ ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దానికంటూ ఒక చిరునామా సంఖ్య ఇవ్వాలి. చివరగా, మనం టైప్ చేసిన వెబ్‌సైట్ పేరు దాని చిరునామాగా మారి పేజీ తెరుచుకోవాలి. అప్‌డేట్ ఈ ఐదింటిలో దేన్నైనా చెడగొట్టవచ్చు. ఒక మెట్టుకు చేసే మందు ఇంకో మెట్టుకు పనికిరాదు. మా వాడిది మొదటి మెట్టు. వాడు గుండుసూది గుచ్చింది మూడో మెట్టు దగ్గర.

ఏదైనా ముట్టుకునే ముందు ఒక పని చేయండి. అదే గదిలో, అదే వైఫైకి ఫోన్ కలిపి చూడండి. ఫోన్‌లో వస్తుంటే రౌటర్ జోలికి వెళ్ళవద్దు.

ఇంకో మాట. విండోస్ చేత వైఫై కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. కొత్త డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్నట్టు ఉంటుంది. దీనికి దారి మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లాప్‌టాప్ దాన్ని వైరు కనెక్షన్‌గానే చూస్తుంది, వైఫై కార్డుతో పని లేదు. చాలా ఫోన్లు అప్పుడు తమకు అందుతున్న వైఫైని కూడా ఇలాగే దాటిస్తాయి, అంటే మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. కేబుల్ మాత్రం డేటా మోసేది కావాలి. ఛార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరాని కేబుళ్ళు మనందరి ఇళ్ళలో ఉంటాయి.

ఇప్పుడు మొదటి మెట్టు. ఎక్కువ మంది ఇక్కడే చిక్కుకుంటారు కాబట్టి దీని దగ్గర కాసేపు నిలబడదాం.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ అనే వరుస విప్పండి. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, సాధారణంగా ఈ పేర్లలో ఏదో ఒకటి వైఫై లేదా వైర్‌లెస్ అన్న మాటతో కనిపించాలి. పసుపు త్రికోణం ఉంటే దాని మీద రెండుసార్లు నొక్కి, అక్కడ ఉన్న కోడ్ సంఖ్య రాసుకోండి. మా వాడికి కోడ్ 10 వచ్చింది. ఈ పరికరం మొదలు కావడం లేదు అని దాని అర్థం.

"షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను అన్నయ్యా, నాలుగుసార్లు" అన్నాడు. అదే తప్పు. విండోస్ 8 కాలం నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, లోపలి కెర్నల్ (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లు ఉన్న స్థితి ఉన్నట్టుగా డిస్క్ మీద దాచుకుంటుంది. మళ్ళీ ఆన్ చేస్తే అదే స్థితిని తిరిగి పైకి తెస్తుంది. చెడిన డ్రైవర్ చెడినట్టే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ మొదటి నుంచి ఎక్కుతాయి. షట్‌డౌన్ పెద్ద పని, రీస్టార్ట్ చిన్న పని అనుకుంటాం కానీ ఇక్కడ వరస తిరగబడింది.

ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. 2016 డిసెంబర్‌లో బ్రిటన్‌లోనూ, యూరప్‌లోని మరికొన్ని దేశాల్లోనూ విండోస్ 10 వాడేవాళ్ళకు ఉన్నట్టుండి ఇంటర్నెట్ పోయింది. కంప్యూటర్లు రౌటర్ నుంచి ఐపీ అడ్రస్ తీసుకోలేకపోయాయి. జనం రౌటర్లను, ఇంటర్నెట్ కంపెనీలను తిట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ చెప్పిన తొలి సలహా ఏమిటంటే, రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు అని. ఇంటర్నెట్ లేనివాళ్ళకు ఆ సలహాను ఇంటర్నెట్‌లో పెట్టారు, అది వేరే సంగతి.

రీస్టార్ట్‌తోనూ మా వాడి కార్డు లేవలేదు. అప్పుడు చేయించింది ఇది: షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కడం, అలా చేస్తే ఆ ఒక్కసారికి పూర్తిగా మూతపడుతుంది. తర్వాత ఛార్జర్ పీకేసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి ఉంచడం. లాప్‌టాప్ ఆగినట్టు కనిపించినా వైఫై కార్డుకు కొద్దిగా కరెంటు అందుతూ ఉండవచ్చు. కార్డు లోపలి చిన్న ప్రోగ్రామ్ బిగుసుకుపోతే, ఆ కరెంటు పూర్తిగా తెగితే తప్ప విడవదు. చేశాడు. గుర్తు తిరిగి వచ్చింది. వాడు చప్పట్లు కొట్టాడు. నేను గొప్పగా ఫోన్ పెట్టేసి పడుకున్నాను.

ఉదయం ఆరింటికి మళ్ళీ ఫోన్. రాత్రి లాప్‌టాప్ మూసి పెట్టాడు, పొద్దున తెరిస్తే మళ్ళీ మాయం. అంటే కార్డు నిద్రపోతోంది గానీ లేవడం లేదు. అప్పుడు గానీ నాకు అసలు ప్రశ్న తట్టలేదు: అప్‌డేట్‌తో పాటు ఏమేమి వచ్చాయి? సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ చూడమన్నాను. డ్రైవర్ అప్‌డేట్స్ అనే చోట నిన్నటి తేదీతో వైఫై డ్రైవర్ కొత్త వెర్షన్ ఉంది. రాత్రే ఇది చూసి ఉంటే ఇద్దరమూ హాయిగా నిద్రపోయేవాళ్ళం.

డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రెండుసార్లు నొక్కితే డ్రైవర్ అనే విభాగం వస్తుంది. అందులో రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ ఉంటుంది. నొక్కితే పాత డ్రైవర్ వస్తుంది. మా వాడికి అంతటితో నయమైంది. ఆ బటన్ వెలిసిపోయి నొక్కడానికి వీల్లేకుండా ఉంటే, పాతది దాచిపెట్టి లేదని అర్థం. అప్పుడు అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లోనే ఉన్న జాబితా నుంచి ఎంచుకునే దారిలో వెళ్ళండి. ఒకే కార్డుకు రెండు మూడు వెర్షన్లు కనిపిస్తే పాతది పెట్టి చూడండి. అదీ లేకపోతే లాప్‌టాప్ అడుగున చీటీ మీద ఉన్న మోడల్ నంబర్ చూసి, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోండి. విండోస్ 11 డ్రైవర్ లేకపోతే విండోస్ 10 డ్రైవర్ చాలాసార్లు సరిపోతుంది. అన్ని డ్రైవర్లనూ ఒక్క క్లిక్‌తో సరిచేస్తామనే ప్రోగ్రాముల జోలికి మాత్రం పోకండి. ఇంటికి తాళం పడలేదని వీధిలో పోయేవాడిని పిలిచి తాళంచెవి ఇచ్చినట్టు ఉంటుంది.

అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ అనే విభాగం కనిపిస్తే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే గడిలో టిక్ తీసేయండి. మీదీ నిద్ర జబ్బే అయితే పనికొస్తుంది. డ్రైవర్ వెనక్కి తిప్పాక అప్‌డేట్లను కొన్ని వారాలు ఆపి ఉంచండి, లేకపోతే అదే డ్రైవర్ మళ్ళీ తలుపు తడుతుంది. శాశ్వతంగా ఆపడం మాత్రం వద్దు, భద్రతా సవరణలు కూడా ఆ దారిలోనే వస్తాయి.

విండోస్ వెర్షనే మారిపోయిన తర్వాత ఈ బాధ మొదలైతే, సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర వెనక్కి వెళ్ళే బటన్ ఉంటుంది. మామూలుగా 10 రోజులే గడువు. పదకొండో రోజున ఫోన్ చేసేవాళ్ళు నాకు తెలుసు.

రెండో మెట్టు. పక్కింటివాళ్ళ వైఫై అంతా కనిపిస్తోంది, మీదే కనిపించడం లేదు. ఇది విచిత్రంగా ఉంటుంది కానీ కారణం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో మన దేశంలో 13 ఛానెళ్ళు (రేడియో దారులు) వాడుకోవచ్చు, అమెరికాలో మామూలుగా 11 దగ్గర ఆగుతారు. కొత్త డ్రైవర్ తనను అమెరికాలో ఉన్నట్టు భావిస్తే, 12లోనో 13లోనో ఉన్న మీ రౌటర్ దాని కళ్ళకు ఆనదు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ 1, 6, 11లలో ఒకటి పెట్టి చూడండి.

మూడో మెట్టు ఇళ్ళలో తేలికే. నెట్‌వర్క్ పేరు మీద ఫర్‌గెట్ నొక్కి, పాస్‌వర్డ్ మళ్ళీ ఇవ్వండి. కాలేజీల్లో, ఆఫీసుల్లో మాత్రం కథ వేరు. అక్కడ ఎవరి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాళ్ళకుంటాయి. 2023 డిసెంబర్‌లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ సరిగ్గా ఇలాంటి నెట్‌వర్కుల్లో కొన్ని లాప్‌టాప్‌లను బయట నిలబెట్టింది. ఇంట్లో బాగానే పనిచేసేవి, క్యాంపస్‌లో అడుగుపెడితే చేసేవి కావు. తప్పు తనదేనని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని, ఆ మార్పును వెనక్కి తీసుకుంది. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వాడేవాళ్ళకూ 2022లో ఇలాంటిదే తగిలింది. 22.04 వెర్షన్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 (సర్వర్‌తో భద్రంగా మాట్లాడించే సాఫ్ట్‌వేర్) వచ్చి పాత పద్ధతి ఒప్పందాలకు ఒప్పుకోనంది, పాత సర్వర్లున్న విశ్వవిద్యాలయాల వైఫై అందకుండా పోయింది. ఇలాంటప్పుడు మీ లాప్‌టాప్‌ను ఎంత కుళ్ళబొడిచినా లాభం లేదు. మీ తరగతిలో ఇంకెవరికి ఇలా ఉందో కనుక్కుని, నెట్‌వర్క్ చూసేవాళ్ళకు అందరూ కలిసి చెప్పండి.

హాస్టళ్ళలో ఇంకో చిక్కు. చాలా చోట్ల మీ లాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (వైఫై కార్డుకు తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసుకుని, దాన్ని మాత్రమే రానిస్తారు. యాపిల్ 2024లో విడుదల చేసిన మ్యాక్ఓఎస్ సెకోయా నుంచి మ్యాక్‌బుక్‌లు ప్రైవేట్ వైఫై అడ్రస్ అని, అసలు చిరునామా బదులు వేరేది చూపగలవు. విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అనే మీట అదే పని చేస్తుంది. బయట వైఫైలో అది మంచిదే. హాస్టల్ నెట్‌వర్క్‌కు మాత్రం ఆఫ్ చేయండి. వాచ్‌మన్ దగ్గర ఒక పేరు రాయించుకుని రోజుకో పేరు చెబితే గేటు తీస్తాడా?

నాలుగో మెట్టుకు గుర్తు ఒక్కటే. వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే, రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదు, లాప్‌టాప్ తనకు తానే ఏదో పెట్టుకుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో netsh winsock reset, netsh int ip reset అనే రెండు ఆదేశాలు ఇచ్చి రీస్టార్ట్ చేయండి.

ఐదో మెట్టు దగ్గర వీపీఎన్‌ను (మీ ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా పంపే ప్రోగ్రామ్‌ను) అనుమానించండి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, పాత వీపీఎన్ ప్రోగ్రాముల అవశేషాలు అడ్డుపడి వైఫైనే కనబడనివ్వలేదు. తేదీ, సమయం సరిగా ఉన్నాయేమో కూడా చూడండి, తప్పుంటే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు. ఇంటర్నెట్ లేదు అని టాస్క్‌బార్ చెప్పినంత మాత్రాన నమ్మకండి. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లోని ఒక చిన్న ఫైల్ తెరిచి చూసి ఆ మాట చెబుతుంది. 2020లో ఇదే పరీక్ష తప్పి, ఇంటర్నెట్ నడుస్తున్నా లేదని చూపింది.

లైనక్స్ మిత్రులకు రెండు మాటలు. కొత్త కెర్నల్ వచ్చాక వైఫై పోతే, ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్ళి పాత కెర్నల్‌తో లేపండి. పాతదానిలో వస్తే నేరస్థుడు దొరికినట్టే. బ్రాడ్‌కామ్ కార్డులవాళ్ళకు ఇది పాత చుట్టరికం, ఆ డ్రైవర్ ప్రతి కొత్త కెర్నల్‌కూ మళ్ళీ తయారు కావాలి.

నెట్‌వర్క్ రీసెట్ బటన్ గురించి ఇంతవరకు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చాలా వీడియోల్లో అది మొదటి చిట్కా. నేనూ ఒకసారి తొందరపడి నొక్కాను. దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ, ఆఫీసు వీపీఎన్‌తో సహా, తుడిచిపెట్టుకుపోయాయి. అంతా అయ్యాక తెలిసింది, జబ్బు డ్రైవర్‌ది అని. అది అన్నీ అయిపోయాక నొక్కే బటన్.

ఎక్కడ ఆగిందో అర్థం కాకపోతే, netsh wlan show wlanreport అనే ఈ మూడో ఆదేశాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇవ్వండి. గత 3 రోజుల వైఫై చరిత్ర ఒక పేజీగా వస్తుంది, ఎప్పుడు తెగిందో, ఎందుకు తెగిందో అందులో ఉంటుంది. కింద కామెంట్ రాసేటప్పుడు ఎన్నో మెట్టు, ఏ కోడ్, ఏ కార్డు అన్న మూడూ రాయండి. "వైఫై రావడం లేదు అన్నా, సాయం చేయండి" అని మాత్రం రాస్తే నేను కూడా మీ గుండుసూది కోసమే వెతకాల్సి వస్తుంది.

మా వాడు ప్రాజెక్టు గడువులోపే పంపాడు, ఫోన్ కేబుల్‌తో. పిన్ని ఇంటి రౌటర్‌కు కేబుల్ ఆయన వచ్చి పాస్‌వర్డ్ పెట్టేసరికి మరో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల సీరియల్‌లో ఏం జరిగిందో ఆవిడ ఇప్పటికీ వాడిని అడుగుతూనే ఉంది.