గుడ్లగూబకి కనపడకుండా: రాతిగుట్టల్లో చలికాలపు ఫొటోగ్రఫీ

ఇదిగో, ఆ బండ అంచు చూడండి. ఉత్త రాయిలా ఉంది కదా? ఎడమ పక్కన కొమ్ముల్లా లేచిన ఈకలు కనపడుతున్నాయా... అదే! రాక్ ఈగిల్ ఔల్. మన దక్కన్ గుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబ, అడుగున్నర పైనే ఉంటుంది. ఆ కొమ్ములు చెవులు కావండీ, ఈకలే. అసలు చెవులు ముఖానికి రెండు పక్కలా ఈకల కింద ఉంటాయి.

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇది గుడ్లు పెట్టే కాలం. అందుకే చలికాలం సాయంత్రాలు "బు... బో" అని బాగా కూస్తుంది, ఎక్కడుందో తెలుస్తుంది. అందుకే ఈ రోజుల్లో మనం మరీ జాగ్రత్తగా ఉండాలి కూడా.

గూడు దగ్గర హైడ్, అంటే మనం దాక్కుని ఫొటో తీసే చాటు, పెట్టకండి. ఇది పుల్లలు పేర్చి గూడు కట్టదు. రాతి అరుగు మీద మట్టిలో చిన్న గుంట, అంతే, అందులోనే గుడ్లు. తల్లి నెల పైనే పొదుగుతుంది. పగలు మన అలికిడికి లేచిందంటే కాకులు వెంటపడి తరుముతాయి, ఇక్కడ గుడ్లకి దిక్కుండదు.

మరి ఎక్కడ పెట్టాలి? సాయంత్రం వేటకి బయల్దేరే ముందు ఇది కూర్చునే రాయి ఒకటి ఉంటుంది. దాని మీద సున్నం కారినట్టు తెల్లటి చారలుంటాయి. కింద వెతికితే ఇలాంటి ఉండలు దొరుకుతాయి. మింగిన ఎలుకలో అరగని బొచ్చు, ఎముకలు ఇలా ఉండ చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. విప్పుతున్నా, చూడండి... బూడిదరంగు బొచ్చు, లోపల దవడ ఎముక. ముందుపళ్ళు నారింజ రంగులో ఉన్నాయి, గమనించారా? ఎలుక పంటి పైపొరలో ఇనుము ఉంటుంది, ఆ రంగు దానిదే. వరి కొరికే ఎలుకలు, పందికొక్కులు, ఇవే దీని ముఖ్యమైన తిండి. కీడు పక్షి అని రాళ్ళేసి తరిమేవాళ్ళకి ఈ ఒక్క ఉండ చూపిస్తే చాలనిపిస్తుంది నాకు.

హైడ్‌కి పెద్ద హంగులేం వద్దు. నాలుగు కర్రలు, మట్టిరంగు గుడ్డ, పైన ఎండుగడ్డి. గుడ్డ గాలికి కొట్టుకోకుండా మూలల్లో రాళ్ళు పెట్టండి. మొదట దూరంగా పెట్టి, రెండు మూడు రోజులకోసారి కాస్త ముందుకి జరపండి. డిసెంబర్లో ఆరులోపే పొద్దుగూకుతుంది కాబట్టి మూడున్నరకల్లా లోపల ఉండాలి. ఇద్దరు వెళ్ళండి. ఒకరు లోపల కూర్చుంటే, రెండోవాళ్ళు బాగా కనపడేలా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోవాలి. లోపల ఒకరు మిగిలారన్న లెక్క చాలా పక్షులకి అందదు. అది వేటకి ఎగిరిపోయాకే బయటికి రండి.

500 ఎంఎం లెన్స్, ట్రైపాడ్, సైలెంట్ షటర్. మసక వెలుతురులో షటర్ సెకనులో 1/60 వంతు, వెలుతురు పట్టే సెట్టింగ్ ఐఎస్‌ఓ 3200 దాకా వెళ్ళాల్సొస్తుంది. ఫొటోలో నాయిస్, అంటే సన్నటి చుక్కలు, వస్తే రానివ్వండి, ఫ్లాష్ మాత్రం వద్దు. ఎలుకని ఎర కట్టొద్దు. ఫోన్లో కూత వినిపించొద్దు, తన హద్దులోకి ఇంకో గుడ్లగూబ వచ్చిందనుకుని వేట మానేస్తుంది.

ఈ క్లిప్ జాగ్రత్తగా చూడండి. కొమ్ములు నిటారుగా, ఒళ్ళు బిగించి, కళ్ళు సన్నగా చేసుకుంది. భలే పోజిచ్చిందనుకుంటాం. కాదు, భయపడి రాయిలో రాయిలా దాక్కుంటోంది. అప్పుడు షటర్ ఆపి కదలకుండా కూర్చోండి. ఇప్పుడు చూడండి, ఈకలు సర్దుకుంటోంది, ఒక రెక్కా ఒక కాలూ చాపి ఒళ్ళు విరుచుకుంటోంది. మనం ఇక్కడ లేమనుకుంటున్న గుడ్లగూబ అంటే ఇదీ! నాకు కావాల్సిన ఫొటో ఇదే.

లొకేషన్ మాత్రం చెప్పను. 1972 వన్యప్రాణి చట్టం కింద వీటిని పట్టడం, అమ్మడం నేరం. అయినా దీపావళికి క్షుద్రపూజల కోసం పట్టి అమ్ముతూనే ఉన్నారు. మీరూ ఫొటోలోంచి జీపీఎస్ వివరాలు తీసేశాకే పోస్ట్ చేయండి. కానీ మీ ఊరి గుట్టని క్వారీకి ఇస్తున్నారని తెలిస్తే, అక్కడ గుడ్లగూబలున్నాయని తేదీ, ఫొటోలతో సహా అటవీ శాఖకి రాసివ్వండి.