స్కూటర్ డిక్కీలో రిపోర్టు

శ్రోతలకు నమస్కారం.

పదకొండు రోజులు ఒక స్కాన్ రిపోర్టును స్కూటర్ డిక్కీలో, పాత తుడుపు గుడ్డ కింద దాచాను. అది మా ఆవిడది. అండాశయ క్యాన్సర్. మొదటి ఆరు కీమోలకు బాగా తగ్గింది. ఏడాది దాటాక తిరిగొచ్చింది. మందు మార్చారు, కొన్నాళ్ళు ఆగింది. ఈసారి రిపోర్టులో కాలేయం దాకా పాకిందని ఉంది. డాక్టరు గారు నన్నొక్కడినే లోపలికి పిలిచి, "ఈ మందు కూడా పనిచేయడం లేదండీ" అన్నారు. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. జబ్బు ఆవిడది, కబురు నాకు! బయటికొచ్చి, "ఇంకో మందు రాస్తారట" అన్నాను. ఆటోలో చిక్కడపల్లి వచ్చేదాకా ఆవిడ మళ్ళీ అడగలేదు. హమ్మయ్య, నమ్మేసింది అనుకున్నాను.

పదకొండో రోజు సాయంత్రం నేను రాగిజావ కలుపుతుంటే కిటికీలోంచి మబ్బు చూసి అంది: "ఏమండీ, వానొచ్చేలా ఉంది. డిక్కీలో కాయితాలు తడుస్తాయేమో, లోపల పెట్టండి."

ల్యాబ్ వాళ్ళు రిపోర్టు లింకును ఆవిడ ఫోన్‌కే పంపారట. మొదటిసారి వెళ్ళినప్పుడు రాయించిన నంబరు ఆవిడదే మరి. నాకంటే ముందే చదివేసింది. "మరి చెప్పలేదేం?" అంటే, "మీరు తట్టుకోలేరని" అంది. నేను దాచిందీ అదే కారణానికి. జావ ఉండ కట్టింది. ఇద్దరం దాన్ని అలాగే తాగాం.

మన ఇళ్ళలో ఇది మామూలే. పేషెంటుకు చెప్పకండి, ధైర్యం పోతుంది అంటారు. కానీ మంచం మీద ఉన్న మనిషికి తన ఒళ్ళు తెలియదా? పొట్టలో నీరు ఎన్నిసార్లు తీశారో, చీర ఎంత వదులైందో ఆవిడకే ముందు తెలుస్తుంది. అందరూ నవ్వుతూ వస్తే, ఆ మనిషి భయం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగలరు. అలాగని అన్నీ మొహం మీద చెప్పేయమనడం లేదు. "నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడగాలి. కొందరు వద్దంటారు, అది వాళ్ళిష్టం. ఆ ప్రశ్న అడగకుండా పదకొండు రోజులు నటించడం మాత్రం తప్పేనని నా అనుభవం.

ఇంకో టెన్షన్ నన్ను చాలా రోజులు తినేసింది. ఉగాదికి పిల్లలొస్తున్నారని ఒక కీమోను వారం జరిపాం. అందుకే ఇలా అయిందా? డాక్టరు గారిని ఏడుపు గొంతుతో అడిగాను. అది కారణం కాదన్నారు. మొదటి మందుకు చావని కణాలు కొన్ని మిగులుతాయట. కొన్ని కణాలైతే లోపలికొచ్చిన మందును బయటికి తోసేయడం నేర్చుకుంటాయట. చివరికి అవే పెరుగుతాయి. నేను పత్యంలో చేసిన లోపం కాదు, ఆవిడ ధైర్యంలో లోపం కాదు. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే కొన్ని రాత్రులు నిద్ర పట్టేది.

ఇక బంధువుల సంగతి. ఒకరు నాటువైద్యుడి అడ్రసు, ఒకరు గోధుమగడ్డి రసం, ఒకరు ముంబై వెళ్ళమని. వాళ్ళది ప్రేమే, కాదనను. నేనూ తక్కువ తినలేదు, ఘట్‌కేసర్‌లో ఉన్న ప్లాటు అమ్మి ఇంకో కొత్త మందు వాడిద్దామన్నాను. తర్వాతిసారి ఆసుపత్రిలో ఇద్దరం కలిసి లోపలికెళ్ళాం. ఆవిడ అడిగింది: "దీంతో నా ఆయుష్షు ఎన్నాళ్ళు పెరుగుతుంది సార్? ఆ రోజుల్లో నేను ఇంట్లో ఎన్ని రోజులుంటాను?" డాక్టరు గారు కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, మహా అయితే ఒకటి రెండు నెలలు, అందులో సగం ఆసుపత్రిలోనే అన్నారు. ప్లాటు అలాగే ఉంది. రెండు ప్రశ్నలే. నాకు మూడేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

కీమో ఆపితే ఇక చేసేదేం లేదనుకున్నాను. చాలా ఉంది. నొప్పి, బాధ తగ్గించే ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్, మన హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి వేరే విభాగం ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్, అంటే ఆఖరి దశలో ఉన్నవాళ్ళ కోసం నడిపే చోటు, పైసా తీసుకోకుండా చూసుకుంటుంది. తెలంగాణ జిల్లాల్లో 'ఆలన' పేరుతో ప్రభుత్వ బృందాలు ఇంటికే వస్తాయి. చివరి వారం దాకా ఆగి వెళ్ళకండి, మేం ఆలస్యం చేశాం.

నొప్పి తగ్గడానికి మార్ఫిన్ అనగానే నేను వణికాను, మత్తుకు అలవాటు పడుతుందేమోనని. డాక్టరు చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడితే వ్యసనం కావడం అరుదట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆ మందు దొరకడమే గగనంగా ఉండేది, 2014లో సవరించాక నిబంధనలు సులువయ్యాయి. మాకు నాలుగు గంటలకోసారి మాత్ర, దాంతోపాటు మలబద్ధకం రాకుండా ఇంకో మందు. రాత్రి రెండింటికి అలారం. మొదటి రాత్రి నొప్పి తగ్గాక ఆవిడ అడిగింది, పక్కింటివాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరిందా అని. నెల రోజుల తర్వాత నొప్పి గురించి కాకుండా వేరే మాట అదే.

తిండి దగ్గర నేను తప్పు చేశాను. నాలుగు ముద్దలు తింటే బలం వస్తుందని బతిమాలాను, కోప్పడ్డాను కూడా. జబ్బు ముదిరాక ఒంటికి తిండి పట్టదని, బలవంతం చేస్తే వాంతులే మిగులుతాయని నర్సమ్మ వచ్చి చెప్పింది. పెదాలు తడిపితే చాలంది.

వెంటిలేటర్ వద్దని ఆవిడ కాగితం రాసింది. 2018లో సుప్రీంకోర్టు అలాంటి రాతకు చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.

ఒక మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. కొన్ని రాత్రులు, ఇది ఎప్పుడు ముగుస్తుందా అనుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. తర్వాత తెలిసింది, ఇలా సేవ చేసేవాళ్ళు చాలామందికి ఈ ఆలోచన వస్తుందని. మీకూ వస్తే ఎవరితోనైనా అనండి. ఎవరూ లేకపోతే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మా అమ్మాయి వారానికి రెండు పూటలు నన్ను ఇంట్లోంచి బయటికి తరిమేది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి, చాయ్ తాగి వచ్చేవాణ్ణి. ఆ గంట లేకపోతే నేనూ మంచం పట్టేవాణ్ణి.

ఆఖరి రెండు నెలలు ఆవిడ మంచం మీది నుంచే నాకు ఇల్లు అప్పజెప్పింది. గ్యాస్ బుక్ ఎక్కడ, పాలవాడికి ఎంత, పోపులో ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర. శ్రావణంలో ఒక తెల్లవారుజామున వెళ్ళిపోయింది, ఇంట్లోనే.

ఆవిడ ఫోన్‌ను ఇంకా రీచార్జ్ చేయిస్తూనే ఉన్నాను. మొన్న ల్యాబ్ వాళ్ళ మెసేజ్ వచ్చింది, పండగకు రక్తపరీక్షల మీద తగ్గింపు అని.

నమస్కారం.