పడుకుని వెళ్లిన బుల్లెట్

(డాలస్ దగ్గర మిత్రులందరం కలిసి తుపాకులు కాలుస్తూ గడిపిన రేంజ్ డే సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ చెవులకు మఫ్‌లు పెట్టుకుని, ఒకరి మాట ఒకరికి వినపడక సైగలతో గడిపిన వాళ్లం. ఇప్పుడు మఫ్‌లు తీసి మళ్లీ నా మాట వినమంటే కష్టమే. వెనక బిర్యానీ మూత తీసినట్టున్నారు, వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఈ హాలు ఇప్పించిన పెద్దలకు, మైకు సర్దిన తమ్ముడికి, పిల్లలందర్నీ పక్క గదిలో కూర్చోబెట్టి కాపలా కాస్తున్న వదినగారికి నా కృతజ్ఞతలు. పేర్లు చెప్పను. ఒక్కరిది మరిచిపోయినా ఏడాది పాటు మాటలుండవు, అనుభవం మీద చెప్తున్నాను.

సెక్రటరీ గారు నాకిచ్చిన అంశం "వార్మింట్ రైఫిల్ ఎంచుకోవడం ఎలా". ఇచ్చిన టైమ్ ఇరవై నిమిషాలు. వార్మింట్ అంటే పంటకో, పశువుకో, గడ్డికో చేటు చేసే జంతువు. ఈ దేశంలో కయోటీ అనే నక్కలాంటిది, నేలలో కలుగులు తవ్వుకునే ప్రెయిరీ డాగ్, గ్రౌండ్‌హాగ్ లాంటివి. అనంతపురంలో మా తాత అడవి పందుల్ని తిట్టే తిట్లు వింటే ఈ మాటకు తెలుగు అర్థం చక్కగా తెలిసేది, ఇక్కడ పిల్లలున్నారు కాబట్టి వదిలేస్తున్నా.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక్క మాట. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్న తమ్ముళ్లు జాగ్రత్త. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండ్ చెప్పాడని, గ్రూపులో చూశానని కొనకండి. లాయర్‌ని అడిగి కొనండి. గ్రీన్‌కార్డ్ వాళ్లకు ఈ బాధ లేదు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. నిజానికి ఈ మైకు పుచ్చుకున్నదే దానికోసం.

ఆరేళ్ల కింద ఒక పెద్దాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో .22-250 అనే రకం తూటా కాల్చే రైఫిల్ కొన్నాను. బోల్ట్ యాక్షన్, బరువైన బ్యారెల్, ట్రిగ్గర్ వెన్నలా ఉండేది. ఆయన దగ్గర అది వంద గజాల్లో అయిదు తూటాల్ని అరంగుళంలో పెట్టేది, నా ముందే కాల్చి చూపించాడు. అప్పటికే గ్యారేజీలో సొంతంగా తూటాలు నింపుకోవడం నేర్చుకున్నాను. ఇక్కడ ఒకటి గమనించండి. మనం మొత్తాన్నీ కలిపి తూటా అంటాం. ఈ కథలో నేను బుల్లెట్ అన్నప్పుడల్లా ముందు భాగంలో ఉండే, రాగి తొడుగున్న ఆ సీసం ముక్క ఒక్కటే అనుకోండి. ఆ బుల్లెట్ల కోసం ఒక షాపుకు వెళ్లాను. పేరు చెప్పను. కౌంటర్ వెనక ఉన్న మనిషి నా రైఫిల్ ఏమిటని అడిగాడు, చెప్పాను. "టెక్సస్ ఉత్తరాన పాన్‌హ్యాండిల్‌లో గాలి ఎక్కువ. బరువుది తీసుకో, గాలికి కదలదు" అని 69 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లు వంద ఉన్న పెట్టె చేతిలో పెట్టాడు. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, మ్యాచ్ అంటే పోటీల్లో వాడే రకం. మాటలో తప్పు లేదు. గాలికి బరువుదే తక్కువ కదులుతుంది. కానీ నీ బ్యారెల్ ట్విస్ట్, అంటే లోపలి గాడుల మెలిక, ఎంత అని అడగలేదు. ఒక్క ప్రశ్న! అడగాల్సింది నేను కూడా, ఒప్పుకుంటాను. కానీ అమ్మేవాడు అడగొద్దా?

జనవరిలో, 287 హైవే పట్టుకుని అమరిల్లో దాటి, ఆరు గంటలకు పైగా నడిపి ఒక రాంచ్‌కి వెళ్లాం. నేలంతా గడ్డకట్టి ఉంది. మమ్మల్ని రానిచ్చిన ముసలి రాంచర్ కాఫీ కప్పుతో ట్రక్కుకు ఆనుకుని చూస్తున్నాడు. వంద గజాల్లో కాగితం పెట్టాను. మొదటి తూటాకి కాగితం మీద ఏమీ లేదు. రెండోదానికీ లేదు. మూడోది కాగితం మూలన తగిలింది, అదీ గుండ్రంగా కాదు, పోస్ట్ డబ్బా నోరులాగా పొడుగ్గా. ఇరవై రెండు కాల్చాను. స్కోప్ వదులైందేమోనని స్క్రూలు బిగించాను. యాక్షన్ స్క్రూలు బిగించాను. మా ఫ్రెండ్‌ని తిట్టాను. చివరికి ఆ ముసలాయన వచ్చి, కాగితం తీసి, ఎండకు ఎత్తి పట్టి చూసి, నవ్వి, "బాబూ, నీ బుల్లెట్ పడుకుని వెళ్తోంది" అన్నాడు. బ్యారెల్ దగ్గరికి వంగి, కళ్లజోడు పైకెత్తి, దాని మీద గోటి మందాన చెక్కిన అంకె చదివాడు. 1:14.

మీలో ఎంతమంది మీ బ్యారెల్ మీది అంకె చదివారు? చేతులెత్తండి. నలుగురు. సరే.

ట్విస్ట్ అంటే చిన్నప్పటి బొంగరమే. తాడు చుట్టి విసిరితే గట్టిగా తిరిగే బొంగరం నిటారుగా నిలబడి గుయ్‌మంటుంది, "నిద్రపోయింది" అనేవాళ్లం. తిరగడం మందగిస్తే తల ఊపి పక్కకి పడిపోతుంది. ఇక్కడి షూటర్లు కూడా ఊగడం ఆగి స్థిరపడిన బుల్లెట్‌ని నిద్రపోయింది అనే అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, వీళ్లు మా ఊరి వీధిలో బొంగరాలు ఆడినట్టు. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. అవే తాడు. 1:14 అంటే పద్నాలుగు అంగుళాలు ముందుకు వెళ్లేసరికి బుల్లెట్ ఒక చుట్టు తిరుగుతుంది. 1:8 అంటే ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు, అంటే ఇంకా వేగంగా తిరుగుతుంది.

సెకనుకు 3,650 అడుగుల వేగంతో 1:14 బ్యారెల్ నుంచి బయటికొచ్చిన బుల్లెట్ సెకనుకు మూడు వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. అదే వేగంతో 1:7 బ్యారెల్ అయితే ఆరు వేలు దాటుతుంది. ప్రెయిరీ డాగ్‌కి వాడే పల్చటి తొడుగు బుల్లెట్లు కొన్ని ఆ తిరుగుడుకు తట్టుకోలేక దారిలోనే బూడిద రంగు పొగలా విడిపోతాయి. కాబట్టి ఎక్కువ తిప్పితే అన్నీ బాగుంటాయనుకోవద్దు.

ఎంత తిప్పాలో చెప్పేది బుల్లెట్ పొడవు. బరువు అని అందరూ అంటారు, ఎందుకంటే పెట్టె మీద బరువే రాస్తారు. ఒకే మందంలో బరువు పెరిగితే పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగితే ఎక్కువ తిప్పాలి. 1879లో గ్రీన్‌హిల్ అనే లెక్కల మాస్టారు ఒక సూత్రం చెప్పాడు. 150ని బుల్లెట్ వ్యాసంతో రెండుసార్లు గుణించి పొడవుతో భాగించాలి. నా 69 గ్రెయిన్ల బుల్లెట్ పొడవు 0.9 అంగుళం, వ్యాసం 0.224. లెక్కేస్తే 8.4 వస్తుంది. వేగం ఎక్కువైతే 150కి బదులు 180 వేస్తారు, అప్పుడు పది. నా బ్యారెల్ పద్నాలుగు. ఎనిమిది నుంచి పదిలోపు ట్విస్ట్ కావాల్సినదాన్ని పద్నాలుగులోంచి కాల్చి స్కోప్‌ని తిట్టాను. ఇప్పుడు మిల్లర్ సూత్రం వాడుతున్నారు, అది ఇంకా కచ్చితం. అందులో స్థిరత్వం సంఖ్య 1 కంటే తక్కువైతే బుల్లెట్ దొర్లుతుంది, 1.5 దగ్గరుంటే నిశ్చింత. నా లెక్క 0.7 చిల్లర వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా లెక్కేసుకోవచ్చు, అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాలు!

చలి గాలి చిక్కగా ఉంటుంది, బొంగరాన్ని ఇంకాస్త తొందరగా పడగొడుతుంది. అమెరికా సైన్యం వాడిన మొదటి ఎం16 రైఫిళ్లకు కూడా 1:14 ట్విస్టే ఉండేది. అలాస్కా చలిలో పరీక్షిస్తే కుదరలేదని 1963లో 1:12 చేశారు. దాని పౌర రూపమైన ఏఆర్-15లకు ఇప్పుడు 1:7, 1:8 వచ్చాయంటే, తర్వాత వచ్చిన పొడుగు మిలిటరీ బుల్లెట్ల వల్ల. మిలిటరీకి కూడా ఇదే పాఠం పడిందని తెలిశాక నాకు కాస్త ఊరట.

ఇంకా పెద్ద ఊరట రెమింగ్టన్. 1955లో రెండు కంపెనీలు ఒకేసారి 6 ఎంఎం తూటాలు తెచ్చాయి. వించెస్టర్ .243కి 1:10 ట్విస్ట్ ఇచ్చింది. రెమింగ్టన్ .244కి 1:12 ఇచ్చింది, ఎలాగూ వార్మింట్‌కే కదా, తేలిక బుల్లెట్లు చాలనుకుంది. జనం ఒకే రైఫిల్‌తో జింకనూ కొట్టాలి, గ్రౌండ్‌హాగ్‌నూ కొట్టాలి అనుకున్నారు. జింకకు వంద గ్రెయిన్ల పొడుగు బుల్లెట్ కావాలి. వించెస్టర్ అమ్ముడుపోయింది, .244 మూలన పడింది. 1963లో ట్విస్ట్ 1:9 చేసి, పేరు కూడా 6 ఎంఎం రెమింగ్టన్ అని మార్చి మళ్లీ తెచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. తూటా తప్పేం లేదు, దాన్ని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండంగుళాల తేడా, అంతే.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. చూశానండీ.

మా తాత దగ్గర నాటు తుపాకీ ఉండేది, పంట కాపలాకు లైసెన్స్ ఉన్నది. నున్నటి గొట్టం, గాడుల్లేవు. పై నుంచి మందు పోసి, గుడ్డ కుక్కి, గుండు వేసేవాడు. వేరుశనగ చేలో మంచె మీద నేనూ పక్కన పడుకునేవాణ్ని. పందుల గుంపు అలికిడైతే ఆకాశంలోకి పేల్చేవాడు. దేనికైనా తగిలిందా అని అడిగితే, "తగలాలని ఎవరు కొట్టారురా, పోవాలని కొట్టాను" అనేవాడు. ఆయనకు ట్విస్ట్ అవసరం పడలేదు. మనకు పడింది, ఎందుకంటే మూడు వందల గజాల్లో అరచేతి వెడల్పున్న ప్రాణిని గురిపెడుతున్నాం. తగిలితే అక్కడికక్కడే పోవాలి, గాయంతో కలుగులోకి పాక్కుంటూ వెళ్లకూడదు. అందుకే నేను మూడు తూటాల గ్రూపు, అంటే కాగితం మీద చిల్లుల గుంపు, చూసి మురిసిపోవద్దంటాను. పది కాల్చండి. వంద గజాల్లో అంగుళం లోపల పదీ పడితేనే బయల్దేరండి. మూడు వందల గజాలకు ఆ అంగుళం మూడంగుళాలవుతుంది, గంటకు పది మైళ్ల అడ్డగాలి తేలిక బుల్లెట్‌ని దాదాపు అడుగు పక్కకి తోస్తుంది.

మా ఆవిడ అడుగుతుంది, ఆ ఉడుత నీకేం చేసిందని. నిజమే, ప్రెయిరీ డాగ్ ఉడుత జాతిదే. వీపు మీద రాముడి వేళ్ల గీతలు లేవు గానీ, రెండు కాళ్ల మీద నిలబడి చేతులు ముందుకు పెట్టుకుని చూస్తే మనకే సిగ్గేస్తుంది. పచ్చికంతా తినేస్తున్నాయని రాంచర్ బాధ. వాటినే తిని బతికే, ముంగిసలా కనిపించే నల్లపాదాల ఫెరెట్ అంతరించిందనుకున్నారు, 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర ఒక రాంచ్ కుక్క దాన్ని నోట కరుచుకొచ్చింది. ఇప్పటికీ దానికి తిండి ప్రెయిరీ డాగే. అందుకని వెళ్లే ముందు ఆ ప్రాంతం నియమాలు చూసుకోండి, ఫెరెట్లను వదిలిన చోట అడుగు పెట్టకండి. వదిలేసిన కళేబరాల్లోని సీసం ముక్కల్ని గద్దలు తింటాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం బుల్లెట్లు నిషేధం. సీసం మానేసి రాగికి మారుదామంటే మళ్లీ ట్విస్ట్ దగ్గరికే వస్తాం. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ ఇంకా పొడుగవుతుంది. రాగి మీద మనసున్నవాళ్లు .223లో, అంటే నా రైఫిల్ లాగే 0.224 వ్యాసం బుల్లెట్ పట్టే ఇంకో రకం తూటాలో, 1:8 తీసుకోండి, వెతుక్కోకుండా సరిపోతుంది. సీసంతోనే, 55 గ్రెయిన్లు దాటకుండా ఉంటానంటే నా పాత 1:14 ఇప్పటికీ బంగారమే. ఇప్పుడు దాంట్లో 50 గ్రెయిన్లవి వేస్తున్నాను, మళ్లీ అరంగుళంలోకి వచ్చింది.

రైఫిల్ గురించి చెప్పమన్నారు కదా, అది మిగిలిపోయింది. బరువైన బ్యారెల్ తీసుకోండి, స్టాక్‌కి, అంటే తుపాకీ కట్టెకు, తగలకుండా ఉండాలి, మధ్యలో నోటు దూరుస్తే చివరిదాకా జారాలి. ప్రెయిరీ డాగ్‌ల కలుగులు గుంపుగా ఉండే డాగ్ టౌన్‌లో వరసగా కాల్చి బ్యారెల్‌ని పొయ్యి చేయకండి. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే కాఫీ తాగండి. బ్రాండ్ మీ ఇష్టం.

బ్యారెల్ మీది అంకెను కూడా నమ్మకండి, కొలుచుకోండి. క్లీనింగ్ రాడ్ తెచ్చాను, ఇదిగో. ఖాళీ రైఫిల్, బోల్ట్ తీసేయాలి. రాడ్ చివర బిగుతుగా గుడ్డ పెట్టి, పిడిలో దానంతట అది తిరిగే రకం రాడ్‌ని లోపలికి తోయాలి. రాడ్ మీద సన్నటి టేపు గుర్తు పెట్టాను, చూడండి, పైకి ఉంది. నెమ్మదిగా తోస్తున్నా. టేపు పక్కకి వెళ్లింది, కిందకి వెళ్లింది... మళ్లీ పైకి వచ్చింది. ఇక్కడ ఆపాను. తమ్ముడూ, ఆ కొలత టేపు ఇలా ఇవ్వు. పదమూడు దాటింది, పద్నాలుగు అంగుళాలకు గీతంత తక్కువ. భోజనాల తర్వాత ఆ మూల టేబుల్ దగ్గర ఉంటాను, ఎవరి రైఫిలైనా సరే, ఖాళీ చేసి బోల్ట్ తీసి పట్టుకు రండి.

ఆ షాపు పెట్టె కూడా తెచ్చాను. వందలో ఇరవై రెండు పోయాయి, డెబ్బై ఎనిమిది ఉన్నాయి. 1:8 గానీ 1:9 గానీ .223 ఉండి, సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఊరికే తీసుకెళ్లండి. ఉన్నారా? ఆ వెనక బాబాయిగారు చెయ్యెత్తారు. రండి బాబాయ్, ముందు మీ బ్యారెల్ అంకె చెప్పండి.